బ్రాకెట్‌కి కాసిన నిమ్మకాయ

నిమ్మకాయ వ్యాసం ముప్ఫై ఎనిమిది పాయింట్ ఆరు మిల్లీమీటర్లు. ఏ నిమ్మకాయ అని అడక్కండి, అన్ని నిమ్మకాయలకీ ఇదే కొలత. కనీసం మా ఫ్యాక్టరీ గేటు లోపలికి వచ్చే నిమ్మకాయలకి. అంతకంటే లావుగా ఉన్నవాటినీ, సన్నగా ఉన్నవాటినీ మా క్వాలిటీ విభాగం వెనక్కి పంపేస్తుంది. ఈ పాపంలో నా వాటా చాలా పెద్దది కాబట్టి, వేరేవాళ్లు వంకరగా చెప్పకముందే నేనే తిన్నగా చెప్పేస్తాను.

మాది విశాఖపట్నంలో నీటి పంపులకి డీజిల్ ఇంజన్లు తయారుచేసే సంస్థ. సగం సర్కారుది, మిగతా సగం ఎవరిదో ఎవరికీ తెలీదు. నేను అందులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పేరు శేషఫణి. పదకొండేళ్లు బల్ల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో గీశాను. తర్వాత నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు, అప్పట్నుంచి మౌస్‌తో గీస్తున్నాను. దేంతో గీసినా గీసేది ఎక్కువగా బ్రాకెట్టే.

బ్రాకెట్ అంటే అరచేయంత పోత ఇనుప ముక్క. గోడకి షెల్ఫ్ బిగించే మూల ముక్క ఉంటుంది చూడండి, అలాంటిదే, కాస్త మందం. నాలుగు బోల్టు రంధ్రాలు. ఇంజన్‌ని కింద దిమ్మకి కదలకుండా పట్టి ఉంచడం దాని పని. ముప్ఫై ఏళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అది కూడా ఎవరినీ ఏమీ అనలేదు.

పోయిన ఏడు పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. మా జనరల్ మేనేజర్ చక్రధరరావుగారు అందర్నీ క్యాంటీన్‌లో నిలబెట్టి దాన్ని చదివి వినిపించారు.

"ఇకమీదట ఈ సంస్థలో కంప్యూటర్ నమూనాయే ప్రామాణికం. నమూనాలో ఉన్నది వస్తువులో ఉండితీరవలెను. నమూనాలో లేనిది ఫ్యాక్టరీలో ఉండరాదు."

కొత్తగా గీద్దామంటే చూసి గీయడానికి పాత డ్రాయింగులు ఉండాలి కదా. వాటిలో సగం చెదలు తిన్నాయి, మిగతా సగం మా టీలు తాగాయి. అందుకని ఒక లేజర్ స్కానర్ కొన్నారు. వస్తువుని దాని బల్ల మీద పెడితే చుట్టూ తిరిగి చూసి, ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించేస్తుంది. చిన్నదీ, బల్ల మీద పట్టేదీ కాబట్టి ముందు బ్రాకెట్‌ని ఎక్కించాలని తీర్మానించారు.

"మిస్టర్ శేషఫణీ, దసరా మర్నాటి సాయంత్రం ఐదింటికి డైరెక్టర్ల సమక్షంలో ఆ నమూనా నాచే ఆవిష్కరింపబడును. అప్పటికి అది సిద్ధంగా ఉండవలెను" అన్నారు చక్రధరరావుగారు. ఆయన మాట్లాడితే గోడకి అంటించిన నోటీసు నోరు విప్పినట్టే ఉంటుంది.

తేదీ పెట్టినవాళ్లెవరూ క్యాలెండర్ చూడలేదు. దసరాకి ముందురోజు మాకు ఆయుధపూజ. ఇంజన్లు బిగించే షాపులో రెంచీల నుంచి బ్రాకెట్ల దాకా అన్నిటికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కడతారు. మూడు రోజుల దాకా వాటిని కదపకూడదని ఆ షాపు పద్ధతి. ఆ పద్ధతికి కాపలాదారు సీనియర్ ఫిట్టర్ పైడిరాజు.

పైడిరాజుకి ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసు. ఆ వచ్చే ఏప్రిల్ ముప్ఫైన రిటైర్మెంట్. బిగించిన ఇంజన్ మీద చెయ్యి వేసి, ఏ బోల్టు వదులుగా ఉందో చెప్పేస్తాడు. అతనికి జీవితంలో మిగిలింది ఒకటే కోరిక. మెళ్లో దండ వేయించుకుని, మెయిన్ గేటులోంచి నడిచి బయటికి వెళ్లాలి. ఇన్నేళ్లలో ఎంతమందికి దండలు మోసుకొచ్చాడో లెక్కలేదు. ఇక తన వంతని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

స్కానర్ ఆవిష్కరణ రోజు మధ్యాహ్నానికి గానీ దిగలేదు. నేను షాపులోకి పరుగెత్తి బ్రాకెట్ మీద చెయ్యి వేశాను.

"బొట్టెట్టిన సామాను ముట్టుకోకండి బాబూ. మూడ్రోజులు ఒగ్గేయండి" అన్నాడు పైడిరాజు.

"ఐదింటికి డైరెక్టర్లు వస్తున్నారు పైడిరాజన్నా. నా కొంప మునుగుతుంది."

అతను కాయకి కట్టిన దారాన్ని ఇంకాస్త బిగించాడు. "అయితే ఉన్నది ఉన్నట్టు ఎత్తుకెల్లండి. బొట్టుతోటి, కాయితోటి. మల్లీ అలాగే తెచ్చి ఎట్టీయాల. కాయి ఊడిందా, నాను ఊరుకోను."

నేను సరేనన్నాను. అలాగే స్కాన్ చేసి, తర్వాత కంప్యూటర్లో నిమ్మకాయని చెరిపేస్తే సరిపోతుంది, పది నిమిషాల పని. స్కాన్ పూర్తయ్యేసరికి నాలుగూ యాభై అయింది. తెర మీద బ్రాకెట్ ధగధగలాడుతోంది, దాని నిలువు పక్కన నిమ్మకాయ తొడిమతో సహా వేలాడుతోంది. దాన్ని చెరపడానికి మౌస్ పట్టుకున్నానో లేదో, నలుగురు డైరెక్టర్లతో చక్రధరరావుగారు లోపలికి వచ్చి, "లేవండి" అని, నా కుర్చీలో కూర్చుని ఆకుపచ్చ బటన్ నొక్కేశారు.

ఆ బటన్ మీద 'ఫ్రీజ్' అని ఉంటుంది. అది నొక్కాక నమూనాని ఇక ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోవాలంటే ఎనిమిది విభాగాల సంతకాలు కావాలి. ఆ ఎనిమిది విభాగాల పెద్దలు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లరు.

సార్, తప్పు జరిగిందని చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే డైరెక్టర్లు చప్పట్లు కొడుతున్నారు. నోరు మూసుకుని నేనూ కొట్టాను. పిరికితనం అంటే అదే, మరో పేరు పెట్టను.

"ఈ గుండ్రటిదేమిటి?" అని ఒక డైరెక్టర్‌గారు అడిగారు.

చక్రధరరావుగారు ఇరవై ఏళ్లుగా ఇంజన్ల సంస్థలో ఉన్నారు గానీ బ్రాకెట్‌ని చూడటం అదే మొదటిసారి. అయినా తడుముకోలేదు. "అదే సర్ ఇందులో విశేషం. అది కంపన నిరోధక అండాకృతి."

అంతే, దానికి నామకరణం అయిపోయింది. కుంకుమ బొట్లు మూడూ 'స్పర్శ సూచికలు' అయ్యాయి. నిమ్మకాయ కట్టిన దారం 'పరివేష్టిత వలయం' అయింది. పసుపు చూసి బ్రాకెట్లన్నిటికీ పసుపుపచ్చ రంగు వేయించమన్నారు.

వారం తర్వాత బలపరీక్ష. కంప్యూటర్లోనే బ్రాకెట్ మీద ఇంజన్ బరువు పెట్టి చూడటం అన్నమాట. బరువు పడినచోట ఎర్రగా, పడనిచోట నీలంగా కనిపిస్తుంది. బోల్టు రంధ్రాల చుట్టూ ఎర్రగా కందిపోయింది. నిమ్మకాయ మాత్రం చక్కటి నీలం రంగులో ఉంది. ఏ పనీ చెయ్యనివాడికి అలసట ఎక్కడిది?

చక్రధరరావుగారు ముగ్ధులైపోయారు. "చూశారా! ఇంజన్ ఇంత అదురుతున్నా అండాకృతి ఎంత ప్రశాంతంగా ఉందో! మిగతా భాగాలు దీన్ని చూసి నేర్చుకోవలెను."

ఆ మాటని మీటింగ్ మినిట్స్‌లో రాశారు. ఆ నీలం బొమ్మని ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టారు. అండాకృతి మీద ఢిల్లీలో జరిగిన ఒక సదస్సులో చక్రధరరావుగారు ప్రసంగించి శాలువా కప్పించుకొచ్చారు.

తర్వాత ఆరువందల బ్రాకెట్లకి ఆర్డర్ వెళ్లింది. పోత పోసే ఫౌండ్రీ నుంచి మేస్త్రీ నాకు ఫోన్ చేశాడు.

"సార్, ఇది నిమ్మకాయలాగుందేంటండీ?"

"అండాకృతి."

"తొడిమ కూడా ఉందండి."

"అది కూడా పొయ్యండి" అన్నాను. ఇంకేం అనగలను?

ఇనప నిమ్మకాయలతో ఆరువందల బ్రాకెట్లు దిగాయి. పైడిరాజు మొదటిది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లిగా నా వైపు తిరిగాడు.

"బాబూ, ఇది నాను కట్టిన కాయి కాదేటి?"

నేను తల ఊపాను. అతను నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి నేల మీద చతికిలబడి, టోపీతో కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. తర్వాత లేచి బ్రాకెట్‌ని దిమ్మకి బిగించి, క్రేనుతో ఇంజన్ దింపించాడు. ఇంజన్ కూర్చోలేదు. కూర్చోవాల్సిన చోట నిమ్మకాయ ఉంది. పైడిరాజు ఇనుము కోసే గ్రైండర్ తీసుకుని నిమ్మకాయని కోసి అవతల పారేశాడు. ఇంజన్ బుద్ధిగా కూర్చుంది. అలా ఆరువందలూ కోసి, ఇంజన్‌కి నాలుగు చొప్పున నూట యాభై ఇంజన్లు బిగించాడు. షాపులో అందరూ తలో ఇనప కాయ ఇంటికి పట్టుకెళ్లి కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నారు.

ఇంతటితో పోయేదే. మధ్యలో క్వాలిటీ మేనేజర్ హైమవతిగారు వచ్చారు. ఆవిడ నిప్పులాంటి మనిషి. చేతిలో వెర్నియర్ కొలబద్ద లేకుండా భోజనానికి కూడా కూర్చోరు. పంపడానికి సిద్ధంగా ఉన్న ఇంజన్ల కింద టార్చి వేసి చూసి, "అండాకృతులు ఏవీ?" అన్నారు.

మర్నాడు పైడిరాజుకి చార్జిషీటు అందింది. చదవలేక నా దగ్గరికి తెచ్చాడు.

"మొదటి అభియోగం: ఫ్రీజ్ కాబడిన నమూనాకు చెందిన ఆరువందల అండాకృతులను శ్రీ పైడిరాజు ఉద్దేశపూర్వకముగా ఛేదించెను. రెండవ అభియోగం: ఛేదించుటకు ముందు నవ్వెను. రుజువైనచో ఉద్యోగము నుండి తొలగింపబడును."

"కట్టింది నానే, కోసింది నానే. మద్దిన ఈల్లకేటి నొప్పి బాబూ?" అన్నాడు. లేచి వెళ్లిపోతూ, "అయితే నన్ను ఎనక గేటులోంచి గెంటేత్తారన్నమాట. దండా నేదు, ఏటీ నేదు" అన్నాడు.

చార్జిషీటు మీద జరిగే విచారణకి సాక్ష్యంగా అసలు బ్రాకెట్ కావాలన్నారు. స్కాన్ చేసిన మొదటి బ్రాకెట్‌ని, పూజ మూడు రోజులూ అయ్యాక, 'మాస్టర్ శాంపిల్' పేరుతో స్టోరులో అద్దాల పెట్టెలో పెట్టారు. పూజలో పెట్టింది కాబట్టి నిమ్మకాయని ఎవరూ తియ్యలేదు. హైమవతిగారు పెట్టె తెరిచి వెర్నియర్ పెట్టారు. నాలుగు నెలల్లో కాయ నల్లగా ఎండి ఉసిరికాయంత అయింది.

"ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. మాస్టర్ శాంపిల్ నమూనాకి సరిపోవడం లేదు. మార్చండి" అన్నారు.

స్టోరువాళ్లు నిమ్మకాయ కొనిపెట్టమని ఇండెంట్ రాసి పంపారు. వచ్చిన కాయలేవీ కొలతకి నిలవలేదు. ఆఖరికి ఆవిడే నన్ను వెంటబెట్టుకుని రైతుబజారుకి వెళ్లారు. బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయకీ వెర్నియర్ పెడుతుంటే, అమ్మే ఆవిడ కాసేపు చూసి అడిగింది.

"పులిహోరకా అమ్మా, దిష్టికా?"

"కొలతకి" అన్నారు హైమవతిగారు.

యాభై నాలుగో కాయ సరిపోయింది. ఇక నేను ఆగలేకపోయాను. "మేడమ్, మీ చేతిలో ఉన్నదేంటి?"

"నిమ్మకాయ."

"మరి బ్రాకెట్ మీద ఉన్నది కూడా అదేనని మీకు తెలుసు కదా!"

"నాకు తెలుసు ఫణిగారూ. కానీ డ్రాయింగులో నిమ్మకాయ అని లేదు. డ్రాయింగులో లేని మాట రిపోర్టులో నేనెలా రాస్తాను?" అన్నారు ఆవిడ చాలా మామూలుగా. అప్పట్నుంచి ప్రతి సోమవారం మాస్టర్ శాంపిల్‌కి కొత్త కాయ కడుతున్నారు.

విచారణ రోజు వచ్చింది. చక్రధరరావుగారు అధ్యక్షులు, హైమవతిగారు సాక్షి, నేను సాంకేతిక నిపుణుణ్ణి. పైడిరాజు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతన్ని చూశాక రాత్రంతా బట్టీపట్టిన ముసుగు మాటలన్నీ మర్చిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయుధపూజ, నిమ్మకాయ, నాలుగూ యాభై, ఆకుపచ్చ బటన్, చప్పట్లు, అన్నీ చెప్పేశాను.

"తప్పు నాది సార్. పంపితే నన్ను పంపండి. పైడిరాజు కోసింది వట్టి నిమ్మకాయని."

చక్రధరరావుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మీరు చెప్పునది నిజమే కావచ్చును మిస్టర్ శేషఫణీ. కానీ అది ఫ్రీజ్ తర్వాత చెప్పబడుతున్న నిజం. ఎనిమిది సంతకాలతో సమర్పించినచో పరిశీలింపబడును."

"సార్, నిమ్మకాయ ఉంటే ఇంజన్ కూర్చోదు!"

"ఎందుకు కూర్చోదు? చూపిస్తాను" అంటూ ఆయన కంప్యూటర్ తెరిచారు. బ్రాకెట్ మీద ఒక నొక్కు నొక్కారు, ఇంజన్ మీద ఒక నొక్కు నొక్కారు. కంప్యూటర్లో ఇనుముకి ఇనుము అడ్డం రాదు. ఇంజన్ గాల్లో తేలుతూ వచ్చి, నిమ్మకాయలోంచి దూరిపోయి, సుఖంగా కూర్చుంది. "చూశారా! గ్రైండర్ అక్కర్లేదు, క్రేను అక్కర్లేదు. ఇందులో ఫిట్టర్ ఎక్కడున్నాడు?"

ఆయన సర్క్యులర్ తీసి మరోసారి చదువుకుని, తీర్పు చెప్పారు.

"నమూనాలో ఫిట్టర్ లేడు. లేని వ్యక్తి నేరము చేయజాలడు. కనుక శ్రీ పైడిరాజు నిర్దోషి."

హమ్మయ్య అనుకున్నాను.

"అదే కారణముచేత, లేని వ్యక్తి రేపటి నుండి విధులకు హాజరు కారాదు."

బయటికి వచ్చాక పైడిరాజు నన్ను అడిగాడు. "అంటే నాను గెలిసినట్టా, ఓడినట్టా బాబూ?"

అప్పటికి మధ్యాహ్నం మూడైంది. ఉత్తర్వు రేపటి నుంచి. స్కానర్ ఖాళీగా ఉంది. ఇంజన్లని స్కాన్ చెయ్యడానికి కొత్తగా తెప్పించిన పెద్ద బల్ల మనిషి బరువుని ఆపుతుంది. నాకు బుర్రలో ఏదో తిరిగింది. పరుగెత్తుకెళ్లి, గేటు బయట పూలమ్మే ఆవిడ దగ్గర ఒక బంతిపూల దండ పట్టుకొచ్చి పైడిరాజు మెళ్లో వేశాను.

"ఇదేటి బాబూ, బతికుండగానే ఫొటోకి ఏసినట్టు?"

"నువ్వు బల్లెక్కి నిలబడు. రేపు వీళ్లు ఏం చేస్తారో నాకు తెలీదు. ఏం చేసినా, కంప్యూటర్లో మాత్రం నువ్వు దండతోనే ఉంటావు."

అతను చెప్పులు విప్పి బల్ల ఎక్కాడు. నలభై నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. కళ్లనీళ్లు మాత్రం కదిలాయి, స్కానర్ వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఈసారి ఆకుపచ్చ బటన్ నేనే నొక్కాను.

మర్నాడు నన్ను తప్పకుండా ఉరేస్తారనుకున్నాను. చక్రధరరావుగారు తెర మీద పైడిరాజుని చుట్టూ తిప్పి చూసి, "మానవ భాగం! సంస్థ చరిత్రలో ప్రథమం! దీని మీద కూడా ప్రసంగించవచ్చును" అన్నారు. పైడిరాజుకి భాగం నంబర్ ఇచ్చారు. నమూనాలో ఉన్నది ఫ్యాక్టరీలో ఉండితీరాలి కాబట్టి, విధులకు రావద్దన్న ఉత్తర్వు రద్దయిపోయింది.

పైడిరాజు నా చేతులు పట్టుకున్నాడు. ఆ సంతోషం మర్నాడు పొద్దున్న ఎనిమిదింటి దాకా ఉంది. ఎనిమిదింటికి గేటు దగ్గర హైమవతిగారు వెర్నియర్‌తో నిలబడి ఉన్నారు.

"దండేది?" అన్నారు.

నమూనాలో దండ ఉంది మరి. ఆ రోజు నుంచి పైడిరాజు దండ లేకుండా ఫ్యాక్టరీలో కనిపించడానికి వీల్లేదు. రోజుకొక దండ, డెబ్బై రెండు బంతిపూలు, తక్కువైతే రిజెక్ట్. మీసం కత్తిరించకూడదు, బరువు పెరక్కూడదు. మొదటి వారం అతను మహారాజులా తిరిగాడు. సాయంత్రం దండతో మెయిన్ గేటు దాటుతుంటే సెక్యూరిటీవాళ్లు సెల్యూట్ కొట్టేవారు. బస్సులో లేచి సీటిచ్చేవారు. రెండో వారం ఇంటావిడ గుమ్మంలో అడిగిందట, "రోజూ రిటైరై ఇంటికొత్తన్నావేటయ్యా?" అని. మూడో వారం దండ ఇంజన్ బెల్టులో చిక్కుకుంది. నాలుగో వారం మేకలు బస్‌స్టాప్ దాకా వెంటపడ్డాయి. మార్చి వచ్చేసరికి అతనికి బంతిపూలు చూస్తే తుమ్ములొచ్చేవి.

ఏప్రిల్ ముప్ఫై రానే వచ్చింది. క్యాంటీన్‌లో వీడ్కోలు సభ. చక్రధరరావుగారు గులాబీల దండ పట్టుకుని లేచారు. హైమవతిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సర్, డ్రాయింగులో ఒక్క దండే ఉంది. అదీ బంతిపూలది."

చక్రధరరావుగారు ఆలోచించి, గులాబీల దండని కుర్చీకి తగిలించారు. "శ్రీ పైడిరాజుగారి కోరిక ఏదైనా ఉన్నచో తెలుపవచ్చును" అన్నారు.

పైడిరాజు లేచి చేతులు జోడించాడు. "అయ్యా, ముప్పైయొక్కేల్లు పనిసేసినాను. ఏటీ అడగనేదు. ఈ ఒక్కపూట దండ నేకండా గేటు దాటనియ్యండి."

ఎవరో ముక్కు చీదుకున్నారు.

"అది నమూనాకి విరుద్ధం" అన్నారు చక్రధరరావుగారు, నిజంగానే బాధపడుతూ.

పైడిరాజు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత డెబ్బై రెండు పూల దండ తన మెళ్లోంచి తీసి, భక్తిగా జీఎంగారి మెళ్లో వేసి, దణ్ణం పెట్టి, గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మి బయటికి నడిచాడు. మేమందరం వెనకాలే వెళ్లాం. మెయిన్ గేటు బార్లా తీయించుకుని, బోసి మెడతో, చేతులూపుకుంటూ వెళ్లిపోయాడు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా అరచేతులు మండాయి.

మేం తిరిగి వచ్చేసరికి చక్రధరరావుగారు దండతో అలాగే నిలబడి ఉన్నారు. హైమవతిగారు దండ చుట్టుకొలత చూసుకుని, సంతృప్తిగా తలాడించి, రిజిస్టర్ తెరిచారు.

"సర్, దండ సరిపోయింది. దాని లోపల ఉన్న భాగానికి డ్రాయింగు నంబరెంత?"

చక్రధరరావుగారిని ఇంతవరకూ ఎవరూ స్కాన్ చెయ్యలేదు.